నకలులో ముసలితనం లేని రాణి

లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో విక్టోరియా రాణి పట్టాభిషేకపు తైలచిత్రం ఉంది. అది అసలు కాదు, నకలు. జార్జ్ హేటర్ 1838 నాటి తన బొమ్మనే 1863లో మళ్లీ గీశాడు. కిరీటం, రాజదండం, పైకెత్తిన చూపు, 19 ఏళ్ల నునుపు ముఖం. చేయి తిరిగిన పని, ఒప్పుకుంటాం. కానీ అప్పటికి ఆమెకు 44 ఏళ్లు. తొమ్మిదిమంది బిడ్డల తల్లి, భర్త పోయి నల్లబట్టల్లో ఉంది. ఆ మనిషి ఈ బొమ్మలో లేదు. సింహాసనానికి ముసలితనం రాకూడదు మరి!

మరో అయిదేళ్లకు, 1868లో, ఆమె ప్రభుత్వమే 'ద పీపుల్ ఆఫ్ ఇండియా' సంపుటాలు వేయడం మొదలుపెట్టింది. అందులో ఆదివాసుల ఫోటోలున్నాయి. చాలావాటి కింద తెగ పేరే ఉంది, మనిషి పేరు లేదు.

మా బడిలో పిల్లలు అవ్వల బొమ్మలు గీస్తే కింద పేరు రాయిస్తున్నాం. ముడతలు చెరపనివ్వం.