నక్షత్రాలూ, ఫెలోషిప్పు బకాయిలూ

2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో వేముల రోహిత్ మరణించినప్పుడు మన కవులు విస్తారంగా స్పందించారు. అది మెచ్చుకోదగిందే. అయితే ఆనాటి స్మృతికవితలను ఈమధ్య మళ్లీ వరసగా చదివినప్పుడు నాకొక లోపం కనిపించింది. నేను చదివినవాటిలో దాదాపు ప్రతి కవితలోనూ నక్షత్రాలున్నాయి. ఫెలోషిప్పు మాత్రం ఎక్కడా లేదు.

రోహిత్ ఆఖరి లేఖలో ఈ రెండూ ఉన్నాయి. కార్ల్ సేగన్ లాంటి విజ్ఞానశాస్త్ర రచయిత కావాలనుకున్నానని రాసిన చేతితోనే, తనకు రావలసిన 7 నెలల ఫెలోషిప్పు 1,75,000 రూపాయలు ఇంటివాళ్లకు అందేలా చూడమని రాశాడు. అందులోంచి ఒక స్నేహితుడి బాకీ 40,000 తీర్చమన్నాడు. ఆ స్నేహితుడు ఎన్నడూ అడగలేదనీ చెప్పాడు. ఈ లెక్కను మన కవులు కవితావస్తువు కాదనుకుని పక్కన పెట్టారు.

కాని ఆ లేఖలో విశ్వవిద్యాలయం ఉన్నది ఈ లెక్కలోనే. ప్రవేశపరీక్షా, ఇంటర్వ్యూ దాటి వచ్చిన పేద పరిశోధకుడికి ఫెలోషిప్పే జీతం. మెస్సు బిల్లూ అందులోంచే, ఇంటికి పంపే డబ్బూ అందులోంచే. అది ఆగిపోవటానికి ఎవరూ తిట్టనక్కరలేదు, ఒక సంతకం ఆలస్యమైతే చాలు. ఇక్కడ కులం కర్ర పట్టుకుని రాదు, ఫైలుగా వస్తుంది. హాస్టలు నుంచి గెంటివేయబడ్డ అయిదుగురు దళిత పరిశోధకులు తమ గుడారానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. సరైన పదం కవులకంటే ముందు వాళ్లకే దొరికింది.

బకాయిల లెక్క కవిత్వమెలా అవుతుందని అడిగే మిత్రులున్నారు. రైతు అప్పుల గురించి రాసినప్పుడు వడ్డీలెక్క మనకు అడ్డం రాలేదే! విద్యార్థి దగ్గరకొచ్చేసరికి ఆకాశం వైపు చూస్తున్నాం. కారణం స్పష్టం. విశ్వవిద్యాలయం మనలో చాలామందికి పట్టా ఇచ్చిన చోటు, కొందరికి ఉద్యోగమిచ్చిన చోటు. వడ్డీవ్యాపారిని నిలదీసినంత సులువుగా గైడునూ రిజిస్ట్రారునూ నిలదీయలేం. నేనూ అలాంటి పట్టా పుచ్చుకున్నవాడినే. 2016లో నేను రాసిన వ్యాసంలోనూ నక్షత్రాలే ఉన్నాయి.

మరణించినవాణ్ణి ఆకాశంలో నిలబెడితే అతని బాకీ ఎవరు తీర్చాలన్న ప్రశ్న నేలమీదే ఉండిపోతుంది. ఆ 7 నెలల్లో ఏ నెల మెస్సు బిల్లు ఎవరి అప్పుతో తీరిందో మన కథకులు రాయాలి.