కూర్చునే వీధి, నిలబడే వీధి

చెన్నై టీ నగర్‌లో పాండీబజారు నుంచి రంగనాథన్ వీధికి నడిచే వెళ్లొచ్చు. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేటల నుంచి పెళ్లి బట్టలకని రైలెక్కే కుటుంబాలు ఒకే పూటలో రెండూ తిరిగేస్తాయి. కానీ మనిషిని చూసే తీరులో ఈ రెండు వీధులకూ పొంతన లేదు. నన్నడిగితే ఆ తేడాను ధరలతో కాదు, ఎవరికి కూర్చునే చోటు దొరుకుతుందన్న దానితో కొలవాలి.

ఈ పేటతో తెలుగువాళ్ల బంధం చీరల బేరాలకంటే పాతది. 1920ల్లో లాంగ్ ట్యాంక్ అనే పెద్ద చెరువును పూడ్చి దీన్ని కట్టారు. జస్టిస్ పార్టీ వ్యవస్థాపకుల్లో ఒకరైన పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పేటకు పెట్టారు. ఇక్కడి పార్కుకు 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా ఉన్న పానగల్ రాజా పేరు పెట్టారు. ఇద్దరూ తెలుగువాళ్లే. మన సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో వేషాల కోసం వచ్చిన కుర్రాళ్లు తిరిగింది కూడా ఈ పార్కు చుట్టూ, పాండీబజారులోనే.

ఆ పాండీబజారును స్మార్ట్ సిటీ పథకం కింద పాదచారుల వీధిగా మార్చి 2019 నవంబరులో తెరిచారు. వాహనాల దారి కుదించి, కాలిబాటలు వెడల్పు చేసి, బల్లలు వేశారు. చంకలో బిడ్డతో ఉన్న తల్లి, మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన, ఏమీ కొనని కాలేజీ పిల్లలు ఒకే బల్ల మీద సర్దుకుంటారు. ఉత్తినే నడిచే మనిషికి ఇంత గౌరవమిచ్చే బజారు వీధులు మన నగరాల్లో అరుదు. విజయవాడ బీసెంట్ రోడ్డులో తోపుడు బండ్లకూ స్కూటర్లకూ మధ్య ఒదిగి ఒదిగి నడిచినవాళ్లకు ఈ సుఖం విలువ తెలుసు.

అయితే ఈ విశాలత వెనక 2013 ఉంది. అప్పుడే ఇక్కడి కాలిబాట వ్యాపారులను ఖాళీ చేయించి, నగరపాలక సంస్థ కట్టిన మేడలోకి తరలించారు. గాజులు, చెప్పులు, పూసల దండలు చేతికందేలా పరిచి ఉన్నప్పుడు, కొనాలని రానివాళ్లు కూడా ఏదో ఒకటి కొని వెళ్లేవాళ్లు. ఆ వ్యాపారం బతికేదే దారినపోయేవాళ్ల చూపు మీద. పిన్నుల కోసం మేడమెట్లు ఎవరెక్కుతారు? ఈ సంగతి దాచిపెట్టి వీధిని పొగడటం న్యాయం కాదు.

రంగనాథన్ వీధి మాంబళం స్టేషన్‌కూ ఉస్మాన్ రోడ్డుకూ మధ్య ఇరుకు దారి. దాని బలమంతా ఆ స్టేషనే. లోకల్ రైలు దిగినవాళ్లు ఆటో ఖర్చు లేకుండా నేరుగా బజారులో పడతారు. అందుకే చేతిలో డబ్బు లెక్కపెట్టుకుని వచ్చేవాళ్లదే ఈ వీధి. స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ బకెట్లు, లంగాలు, లుంగీలు, బడి సంచులు, మూరల లెక్కన పూలు. అడుగు వేయడం మన చేతుల్లో ఉండదు, వెనకున్న జనమే నడిపిస్తారు. ధర తమిళంలో చెప్పినవాళ్లే మన ముఖం చూసి మళ్లీ తెలుగులో చెబుతారు. దీపావళి ముందు పోలీసులు వాచ్ టవర్లు ఎక్కి కాపలా కాస్తారు. మురికి, ఇరుకు అని దీన్ని తీసిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను. పండక్కి ఇంటిల్లిపాదికీ కొత్తబట్టలు కొనగలిగామన్న తృప్తి చాలామందికి ఇచ్చింది ఈ సందే.

ఆ చవక భారం మాత్రం అమ్మేవాళ్ల కాళ్ల మీద పడింది. వసంతబాలన్ 2010లో తీసిన ‘అంగాడి తెరు’ చెప్పింది ఇదే. తెలుగులో ‘షాపింగ్ మాల్’గా వచ్చింది. పల్లెల నుంచి వచ్చి ఈ వీధిలోని బట్టల దుకాణంలో పనిచేసే పిల్లల కథ అది. నాయిక కనిగా నటించింది మన రాజోలు అమ్మాయి అంజలి. ఆ సినిమా చూశాక, కౌంటరు వెనకున్న అమ్మాయి చేత ఇంకో పది చీరలు విప్పించడానికి నాకు నోరు రాదు. 2021లో తమిళనాడు శాసనసభ చట్టాన్ని సవరించి, దుకాణాల్లో పనివాళ్లకు కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. కేరళ 2018లోనే చేసింది. పనివాళ్లను నిలబెట్టే విషయంలో పాండీబజారు కూడా మినహాయింపు కాదు. అక్కడ బయట తిరిగేవాళ్లకు బల్లలు పడ్డాక, అద్దాల తలుపుల వెనక నిలబడినవాళ్ల కోసం చట్టం రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

నడకకైతే నేను పాండీబజారుకే ఓటేస్తాను. బజారుగా మాత్రం రంగనాథన్ వీధే గొప్పది, బాగుచేయాల్సిందీ దాన్నే. 2023 మేలో మాంబళం స్టేషన్‌ను టీ నగర్ బస్టాండుతో కలుపుతూ 570 మీటర్ల స్కైవాక్ తెరిచారు. సామాన్లతో బస్సుకు వెళ్లేవాళ్లకు అది నిజంగా మేలు. కానీ అది వీధిని దాటించే ఏర్పాటే, కింద ఉన్న ఇరుకు అలాగే ఉంది. 2017లో పక్కనే ఉస్మాన్ రోడ్డులో బహుళ అంతస్తుల బట్టల దుకాణం అంటుకుని, ఒక రోజుకు పైగా కాలి, చివరికి కూల్చేయాల్సి వచ్చింది. వెడల్పైన రోడ్డు మీదే ఆ గతి పడితే, ఈ సందులోకి ఫైరింజన్ రావడానికి దారి చూడటం అన్నిటికంటే ముందు పని. ఆ దారి కోసం కాలిబాట వ్యాపారులను మేడెక్కిస్తే ఏమవుతుందో పాండీబజారు ఇదివరకే చూపించింది.