మనస్తత్వశాస్త్రం శాస్త్రమేనా? - విమర్శకులకు ఒక ప్రశ్న

మన సాహిత్య విమర్శలో ఒక అలవాటు పాతుకుపోయింది. నవలలో ఒక పాత్ర ఎందుకలా ప్రవర్తించిందో తేల్చవలసి వచ్చినప్పుడు "మనస్తత్వశాస్త్రం ప్రకారం" అని మొదలుపెట్టి, ఆత్మన్యూనత అనో, అణచుకున్న కోరిక అనో ఒక మాట వేసి ముగిస్తాం. వెనక శాస్త్రం ఉంది గనక ఇక వాదన అక్కర్లేదనుకుంటాం. దీనికి ఎదురుగా మరో ధోరణి ఉంది: మనస్తత్వశాస్త్రమంతా వట్టి వ్యక్తివాదం, దానితో మనకు పనిలేదని కొట్టిపారెయ్యడం. ఈ రెండూ విచారణను తప్పించుకునే దారులేనని నా అభిప్రాయం.

ఒక విషయం శాస్త్రమా కాదా అన్నది పేరును బట్టి తేలదు. ప్రయోగశాల ఉన్నంత మాత్రానా తేలదు. 1879లో వుంట్ లైప్‌జిగ్‌లో ప్రయోగశాల పెట్టడంతో మనస్తత్వ పరిశీలన శాస్త్రమైందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. కాని మన ఇంట్లో ఉన్న ఉదాహరణ చూడండి. అమెరికాలో జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన కోనేరు రామకృష్ణారావు 1960ల చివర ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో మనస్తత్వశాస్త్రంతో పాటు పరామనస్తత్వశాస్త్రానికీ చోటిచ్చిన శాఖను నెలకొల్పారు. రైన్ పద్ధతిలో అయిదు గుర్తులు, 25 కార్డుల కట్ట. గుడ్డిగా చెప్పినా సగటున అయిదు సరిపోతాయి. అంతకు మించి పదేపదే సరిపోతే అతీంద్రియశక్తి ఉన్నట్టు లెక్క. కార్డులున్నాయి, గణాంకాలున్నాయి, విశ్వవిద్యాలయపు ముద్ర ఉంది. లేనిదల్లా ఒకటే: నమ్మకం లేనివాళ్ళు చేసినా అదే ఫలితం నిలకడగా రావడం.

ఇది చూసి నవ్వుకుని ఊరుకోవడానికి వీల్లేదు. 2011లో డారిల్ బెమ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, జరగబోయేదాన్ని మనిషి ముందే పసిగట్టగలడంటూ తొమ్మిది ప్రయోగాలను పేరున్న పత్రికలో అచ్చువేశాడు. ఆయన వాడినవి తోటివాళ్ళు రోజూ వాడే పద్ధతులే. ఆ పద్ధతులతో ఇంతటి అసంభవాన్ని రుజువు చెయ్యగలిగితే, వాటితో రుజువైన తక్కినవాటి మాటేమిటి? 2015లో 270 మంది పరిశోధకులు కలిసి, అంతకుముందు అచ్చయిన వంద అధ్యయనాలను తిరిగి చేసి ఫలితాలు ప్రకటించారు. మొదటిసారి దాదాపు అన్నీ నెగ్గినవే. రెండోసారి నెగ్గినవి మూడోవంతుకు కాస్త పైన మాత్రమే.

అంతమాత్రాన మనస్తత్వశాస్త్రం బూటకమనడం తొందరపాటు. తన లెక్కలను తిరగదోడి, తన ఓటమిని అచ్చువేసుకున్నది ఆ శాస్త్రమే కదా! పైగా నిలిచినవీ ఉన్నాయి. ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రకటించిన మరుపు రేఖను, 2015లో మళ్ళీ పరీక్షిస్తే ఇంచుమించు అదే రేఖ వచ్చింది. కనుక అడగవలసిన ప్రశ్న "ఇది శాస్త్రమా?" అని కాదు, "ఈ మాట ఓడిపోవడానికి సిద్ధంగా ఉందా?" అని.

మా ప్రాంతంలో శ్రావణమాసం వచ్చిందంటే ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచీ, సరిహద్దు దాటి కర్ణాటక నుంచీ జనం ఉరుకుంద ఈరన్న దగ్గరికి కదులుతారు. మొక్కు తీరితే స్వామి దయ. తీరకపోతే మన భక్తిలో లోపం. ఏది జరిగినా నమ్మకం చెక్కుచెదరదు. అయితే వాననే నమ్ముకున్న ఆ రైతు దాన్ని శాస్త్రమనడు, విశ్వాసమనే అంటాడు. అందులో నిజాయితీ ఉంది. విమర్శకుడు అదే పని చేసి శాస్త్రమంటాడు!

ఫ్రాయిడ్, ఆడ్లర్ సిద్ధాంతాల మీద కార్ల్ పాపర్ పెట్టిన ఆక్షేపణ సారాంశం ఇదే. పిల్లవాణ్ణి నీళ్ళలోకి తోసినవాడినీ, ఆ పిల్లవాడి కోసం ప్రాణమిచ్చినవాడినీ ఒకే సూత్రం వివరించగలిగితే, ఆ సూత్రం ఎవరి గురించీ ఏమీ చెప్పనట్టే. 'అల్పజీవి'లో సుబ్బయ్యను తీసుకోండి. గుమాస్తా, భయస్థుడు, కాంట్రాక్టరు గవరయ్య ముందు వణికిపోయేవాడు. లొంగితే ఆత్మన్యూనత అంటాం. ఎదిరిస్తే ఆ ఆత్మన్యూనతను కప్పిపుచ్చుకోవడం అంటాం. మరి సుబ్బయ్య ఏం చేస్తే మన మాట తప్పవుతుంది? జవాబు లేనప్పుడు మనం చేసింది విశ్లేషణ కాదు, నామకరణం. రావిశాస్త్రి అంతకన్నా ఎక్కువే చేశాడు. ఎవరికి, ఏ అవసరంలో, ఎంత భయపడతాడో చూపించాడు. ఆ భయానికి ఉద్యోగమూ డబ్బూ కారణాలయ్యాయి. 'అసమర్థుని జీవయాత్ర'లోనూ కరిగిపోయిన ఆస్తిని పక్కన పెట్టి సీతారామారావు మనసును మాత్రమే తవ్వితే, గోపీచంద్ రాసిన నవలలో సగమే చదివినట్టు.

ఇది పుస్తకాలతో పోయే తగాదా కూడా కాదు. మనిషి మనసు గురించి జరిగిన ప్రయోగాల్లో అత్యధికం పాశ్చాత్య దేశాల వాళ్ళ మీద, అందులోనూ ఎక్కువగా కళాశాల విద్యార్థుల మీద జరిగినవేనని 2010లో హెన్రిక్, హైన్, నోరెంజయన్ ఎత్తిచూపారు. పనుల కోసం తల్లిదండ్రులు గుంటూరు వైపు వలసపోతే వాళ్ళతో పాటు వెళ్ళి బడి పోగొట్టుకున్న కౌతాళం పిల్లవాడు ఆ 'మనిషి'లో లేడు. అతని చేతికి అక్కడి కొలబద్దతో తయారైన పరీక్ష ఇచ్చి మందబుద్ధి అని రాస్తే, కొలిచింది బుద్ధినా, కరువునా?

రచయితలకు మనస్తత్వశాస్త్రం అవసరమే. దాన్ని తీర్పుగా కాక సాక్ష్యంగా పిలవాలి. సాక్షిని ఎదురు ప్రశ్నలు అడగాలి. తప్పని తేలే అవకాశం లేని మాట ఎంత పెద్ద పేరుతో వచ్చినా దాన్ని మన విమర్శలోకి రానివ్వకూడదు. ఈ నియమం మన సొంత సూత్రాలకూ వర్తిస్తుంది. ప్రతి పాత్రనూ ముందే తెలిసిన వర్గస్వభావంతో వివరించి తృప్తిపడే విమర్శ కూడా ఇదే పరీక్షకు నిలబడవలసి ఉంటుంది.