బొబ్బిలి వీణ: చేయియు, చెవియు

పాశ్చాత్య వాద్యమైన గిటారు ఆసియా ఖండమున అడుగిడిన పిదప ఇచ్చటి కొయ్యపనివారి చేతులలో బహురూపములను దాల్చినది. ఫిలిప్పీన్సు దేశమున సెబూ నగరమునకు ఎదురుగా నున్న మక్తాన్ ద్వీపమందు తరతరములుగా గిటారుల పనినే జీవనోపాధిగా చేసికొన్న కుటుంబములు కలవు; బాలి ద్వీపమున దేవాలయముల కొయ్యశిల్పము నేర్చిన చేతులు గిటారు పెట్టెమీదను లతలను, పుష్పములను చెక్కుచున్నవి. మక్తాన్ పనివారు వాడు కలపలలో పనస యొకటి యని విన్నప్పుడు తెలుగువానికి బొబ్బిలి జ్ఞప్తికి రాక మానదు. ఏలయన, ఆ పనసమ్రానినే తొలిచి, దానికి శ్రుతిజ్ఞానమును జోడించి, మన శిల్పులు సృజించిన వాద్యము బొబ్బిలి వీణ.

హైదరాబాదు పారిశ్రామికవాడలైన కుత్బుల్లాపురము, జీడిమెట్ల, చింతల్ ప్రాంతములలో నివసించు మాబోటివారికి వస్తునిర్మాణ మనగా యంత్రముమీద ఒకే కొలతకు వేలకొలది భాగములను వెంట్రుకవాసి తేడా లేక దింపుటయే. ఆ విద్య గౌరవనీయమైనదే. కాని దానికి పూర్తిగా ఆవలి యొడ్డున నున్న విద్యయొకటి కలదని, అందు రెండు వస్తువులు ఏనాడును ఒక్కతీరుగా నుండవని, అట్లుండకపోవుటయే దాని ప్రాణమని తెలిసికొనుటకు బొబ్బిలి వీణను మించిన నిదర్శనము లేదు. ఉత్తరాంధ్రమునుండి ఉపాధికై వచ్చి మా ప్రాంతమున స్థిరపడినవారి యిండ్లలో, అద్దాల బీరువాయందు, జానెడు బొబ్బిలి వీణ కానవచ్చుట వింతకాదు. ఆ బొమ్మను చూచినవారు నూర్గురైనచో నిజమైన వీణ పుట్టుక నెరిగినవారు పదుగురైనను ఉండరు.

విజయనగరము జిల్లాలో బొబ్బిలి పట్టణమును ఆనుకొని గొల్లపల్లి యను పల్లె యున్నది. అచ్చటి సర్వసిద్ధి వంశీయులు వీణల తయారీకి ప్రసిద్ధులు. 17వ శతాబ్దమున బొబ్బిలి సంస్థానము వెలసిన నాటినుండియు రాజుల ఆదరమున ఈ విద్య వర్ధిల్లినదని పరంపరగా వచ్చిన మాట. సమీపమున విజయనగరమందు 1919లో సంగీత కళాశాల స్థాపితమై, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులై, ఆ మండల మంతయు గాత్రముతోను, తంత్రులతోను మారుమ్రోగుచుండిన కాలమున, వీణ చేయువాడును వాయించువాడును ఇరుగుపొరుగువారై యుండుట ఈ శిల్పమునకు గొప్ప బలమైనది. ద్రాక్షారామమున జన్మించిన ఈమని శంకరశాస్త్రిగారును, కాకినాడలో జన్మించిన ఆయన శిష్యులు చిట్టిబాబుగారును వీణకు దేశవిదేశములలో కీర్తి తెచ్చిరి. వాయించువారి కీర్తి లోకమునకు తెలిసినంతగా చేసినవారి పని తెలియలేదు.

మొదటి పరీక్ష మ్రానిని ఎన్నుటలోనే యున్నది. పనస కలప తేలికపాటిది. చెద పట్టుట అరుదు. తేమకు అంతగా చలింపదు. చక్కగా ఆరినచో నాదమును మ్రింగక తిరిగి పలుకును. కోసిన క్రొత్తలో పసుపువన్నెతో నుండి, ఏండ్లు గడచినకొలది గోధుమవన్నెకు దిగును. చేవదేరిన ముదురు మ్రానునే ఎంచి, కోసిన దుంగను నీడలో ఆరనిచ్చి, పగుళ్లు లేవని రూఢి చేసికొనిన పిమ్మటగాని ఉలి పట్టరు. పచ్చిదనము మిగిలిన కలపతో చేసిన వీణ దండి కాలక్రమమున వంగును. దండి వంగినచో ఎంతటి విద్వాంసుడైనను దానిని శ్రుతిలో నిలుపజాలడు.

సామాన్యముగా వీణను కుండ, దండి, సింహముఖమును బోలిన యాళిముఖము అను మూడు భాగములుగా చేసి అతుకుదురు. బొబ్బిలికి ప్రత్యేక కీర్తి తెచ్చినది ఏకాండి వీణ. అనగా కుండయు దండియు ఒక్క దుంగనుండియే వెలువడును. ఈ పనిలో దిద్దుబాటునకు తావు లేదు. బాడిసతో దుంగకు బాహ్యరూపము తెచ్చి, లోపల తొలుచునపుడు కుండ గోడ ఒకచోట మందమై మరియొకచోట పలుచనైనచో నాదము సమముగా వ్యాపింపదు. మితిమీరి పలుచన చేసినచో వాద్యము డొల్లగా మ్రోగును. కనుక శిల్పి తొలుచుచునే నడుమనడుమ వ్రేలితో తట్టి ఆలకించును. కొలబద్ద చెప్పలేని సంగతిని ఆ తట్టు చెప్పును. పిమ్మట కుండపై పలుచని పలకను అమర్చి, నాదరంధ్రములు తీర్చి, చిత్రిక పట్టి నునుపు చేయుదురు. అంచులకు పూర్వము దంతపు పని చేయుచుండిరి. ఏనుగుదంతపు వ్యాపారము నిషిద్ధమైన పిదప ఆ స్థానమును ప్లాస్టిక్ రేకులు ఆక్రమించినవి. ఇట్లు ఒక వీణకు సుమారు నెల దినములు పట్టును.

చూపరుల కన్ను యాళిముఖముపైనను, లతలపైనను నిలుచును. వైణికుని చెవి మాత్రము గుర్రముపై నిలుచును. కుండమీద నుంచెడి ఆ కొయ్య గుర్రమునకు పైన లోహపు రేకు నమర్చి, దానిని ఆకురాయితో కంటికి ఆననంత వంపుగా దిద్దుదురు. తంత్రి ఆ వంపునంటి కంపించుటవలననే వీణకు సహజమైన జీవధ్వని పుట్టును. వంపు చాలనిచో స్వరము మొద్దుబారును, హెచ్చినచో గరగరలాడును.

ఇక మేళము కట్టుట యనునది ఈ శిల్పమున పరాకాష్ఠ. దండి పొడుగునను రెండు మైనపు గట్లను పోసి వానిపై 24 మెట్లను నిలుపుదురు. ఈ 24 మెట్ల స్థిరరూపము తంజావూరేలిన రఘునాథనాయకుని కాలమున, 17వ శతాబ్దారంభమున, ఏర్పడినదని సంగీత చరిత్రకారులు చెప్పుదురు. తేనెమైనమునకు గుగ్గిలమును, మసిని చేర్చి కాచిన ఆ ముద్ద వేడికి మెత్తబడి, చల్లారిన పిదప గట్టిపడును. అది మెత్తగా నున్నప్పుడే సారణి తంత్రిని మీటుచు, ఒక్కొక్క మెట్టును నువ్వుగింజ మేర ముందునకు, వెనుకకు జరుపుచు, స్వరస్థానము కుదిరినదని చెవి ఒప్పుకొనువరకు శిల్పి విడువడు. సారణికి కుదిరిన మెట్టు తక్కిన పంచమ, మంద్ర, అనుమంద్ర తంత్రులకు గూడ ఒప్పవలెను. సంగీతము రానివాడు దుంగను తొలువగలడేమో కాని మేళము కట్టలేడు.

గిటారుతో పోల్చినచో ఈ పని విలువ మరింత స్పష్టమగును. ఒక స్థాయిని 1200 సూక్ష్మభాగములుగా లెక్కించు పద్ధతిలో గిటారు మెట్లు ఒక్కొక్కటి సరిగా 100 భాగముల యెడముతో కొయ్యలో దిగగొట్టబడి యుండును. షడ్జమునకు 5:4 నిష్పత్తిలో పలుకు అంతరగాంధారము 386వ భాగమున నుండగా గిటారు మెట్టు 400వ భాగమునందే నిలుచును. తంబురా శ్రుతికి అలవడిన చెవి ఆ 14 భాగముల భేదమును గుర్తించును. మైనముపై నున్న మెట్టు ఆ చెవి కోరినచోటికి జరుగును. అంతేకాక, వీణమీద తంత్రిని ప్రక్కకు లాగి ఒకే మెట్టుపై రెండుమూడు స్వరములను గమకముగా పలికింపవచ్చును. పాశ్చాత్య వాద్యమును మన సంగీతమునకు లొంగదీయగోరినవారు దాని రూపమునే మార్చవలసివచ్చెను. పాలకొల్లున జన్మించిన యు. శ్రీనివాస్ మాండొలిన్ జంటతంత్రులను వీడి ఐదు తంత్రులతో విద్యుద్వాద్యముగా దానిని వాయించుట ఇందుకు నిదర్శనము.

ఇట్టి విద్యకు నేడు పట్టిన గతి ఏమి? 2010వ దశకపు తొలినాళ్లలో బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు లభించినది. సభలలో అతిథులకు బహూకరించు చిన్న వీణలకు గిరాకి పెరిగి, పలు కుటుంబములకు అవియే అన్నము పెట్టుచున్నవి. వానిని తక్కువచేసి మాటాడుట కృతఘ్నత. అయినను బొమ్మవీణకు మేళము కట్టనక్కరలేదు, గుర్రమునకు వంపు దిద్దనక్కరలేదు. యువకుడు దినమంతయు బొమ్మలనే చెక్కినచో వాని చేయి నిలుచును, చెవి నిలువదు. భౌగోళిక గుర్తింపు పేరును కాపాడును, చెవిని కాపాడజాలదు. ముదురు పనసమ్రానులు దొరకుట కష్టమగుచుండుట వేరొక చిక్కు. నేడు నాటిన మొక్క చేవదేరుటకు దశాబ్దములు కావలెను కనుక, మొక్కలు నాటు పని వాయిదాకు తగినది కాదు.

ఈ విద్యను నిలుపగలిగినది వాయింపదగిన వీణలకు గిరాకియే. పిల్లలకు వీణ నేర్పింపదలచినవారు దుకాణములో కనబడిన దానిని కొనక, గురువును వెంటబెట్టుకొని బొబ్బిలికో, వీణలకు పేరుగన్న నూజివీడునకో పోయి, మెట్టుమెట్టును పలికించి చూచి కొనవలెను. మెట్లు సడలిన పాతవీణ ఇంట నున్నవారు దానిని అటుక నెక్కింపక, మేళము తిరిగి కట్టించుకొందురు గాక.