బొమ్మ చెప్పే సగం కథ

పిల్లల బొమ్మల పుస్తకంలో కథను ఇద్దరు చెబుతారు. ఒకరు మాటలతో చెబితే మరొకరు గీతలతో, రంగులతో చెబుతారు. ఇద్దరూ ఒకే సంగతి చెబితే అందులో ఒకరు అక్కర్లేదు. మాట వదిలిన చోట బొమ్మ అందుకోవాలి. బొమ్మ చూపించేసినదాన్ని మాట మళ్లీ చెప్పకుండా ఆగాలి. ఈ పంపకం బాగా కుదిరిన పుస్తకాలనే పిల్లలు అట్టలు ఊడిపోయేదాకా చదువుతారు. ఆ పంపకంలో బరువైన వాటా చాలాసార్లు బొమ్మలు వేసేవాళ్లదే.

ఇంగ్లండుకు చెందిన పాట్ హచిన్స్ 1968లో రాసి, బొమ్మలు వేసిన ‘రోజీస్ వాక్’ చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. పుస్తకం మొత్తానికి ఉన్నవి 32 ఇంగ్లీషు మాటలు, ఒకే ఒక్క వాక్యం. రోజీ అనే కోడిపెట్ట షికారుకు బయల్దేరుతుంది. దొడ్డి దాటి, కుంట చుట్టూ తిరిగి, గడ్డివాము మీదుగా, పిండిమర పక్కగా, కంచె సందులోంచి, తేనెపెట్టెల కిందుగా నడిచి భోజనం వేళకు ఇల్లు చేరుతుంది. మాటల్లో ఉన్న కథ అంతే. బొమ్మల్లో మాత్రం మొదటినుంచీ కోడి వెనకాలే ఒక నక్క ఉంది. ఆ నక్క పేరు ఒక్కచోట కూడా అక్షరాల్లోకి రాదు. మాటలున్న పేజీల్లో అది కోడి మీదికి దూకుతూ కనిపిస్తుంది. పేజీ తిప్పితే మాటలుండవు. దంతె కర్ర లేచి నక్క ముక్కు పగులుతుంది, లేదా నక్క కుంటలో పడుతుంది, లేదా పిండి బస్తా దాని నెత్తిన ఒలికిపోతుంది. చివరికి తేనెటీగలు తరిమి తరిమి కొడతాయి. రోజీ ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడదు.

చదివి వినిపించే పెద్దల కళ్లు అక్షరాల మీద ఉంటాయి. ఒళ్లో కూర్చున్న పిల్లలకు ఇంకా అక్షరాలు రావు కనుక వాళ్ల కళ్లు బొమ్మ మీదే ఉంటాయి. అందుకే నక్కను ముందుగా పసిగట్టేది వాళ్లు. అమ్మకో, నాన్నకో, తాతకో తెలియనిది తమకు తెలిసిందన్న సంబరం వాళ్లది. చదవడం రాని పాఠకులను ఇంతగా గౌరవించిన కళ మరొకటి లేదు.

పిల్లల కోసం బొమ్మలతో పుస్తకం వేయడం పాత ఆలోచనే. విద్యావేత్త కొమీనియస్ 1658లో న్యూరెంబర్గ్‌లో అచ్చువేయించిన ‘ఆర్బిస్ పిక్టస్’ బొమ్మ చూపించి వస్తువు పేరు నేర్పే పాఠ్యపుస్తకం. కథలో సగాన్ని బొమ్మే మోసే పద్ధతికి గట్టి పునాది వేసింది మాత్రం 1878 నుంచి లండన్‌లో రాండాల్ఫ్ కాల్డికాట్ వేసిన పుస్తకాలు. ఎడ్మండ్ ఎవాన్స్ అనే ముద్రాపకుడు చెక్క దిమ్మలు చెక్కించి, వాటిని రంగుల్లో అచ్చువేసేవాడు. క్రిస్మస్‌కు రెండేసి చొప్పున కాల్డికాట్ 16 పుస్తకాలు వేశాడు. పాత పాటలో ఒక పాదం తీసుకుని, అందులో లేని మనుషులను, కుక్కలను, పేచీలను బొమ్మలోకి తెచ్చేవాడు. నలభై ఏళ్లు నిండకుండానే 1886లో పోయాడు. అమెరికాలో ఏటా మేలైన బొమ్మల పుస్తకానికి 1938 నుంచి ఇస్తున్న పతకం ఆయన పేరు మీదే ఉంది.

బొమ్మల పుస్తకం చాలావరకు 32 పేజీల్లోనే ఉంటుంది. కారణం కాగితం మడత. పెద్ద షీటును అచ్చువేసి మడిస్తే పదహారు పేజీల ఫారం అవుతుంది. రెండు ఫారాలు కుట్టితే పుస్తకం. ముఖపత్రానికి, హక్కుల పేజీకి, అంకితానికి పోగా కథకు మిగిలేవి పన్నెండో పద్నాలుగో జంట పేజీలు. చిత్రకారులు ముందుగా ఒకే కాగితం మీద ఆ జంటలన్నీ చిన్న చిన్న గళ్లుగా గీసుకుని కథను పంచుకుంటారు. తరువాత తెల్లకాగితాలు మడిచి, పెన్సిలు గీతలతో డమ్మీ తయారుచేస్తారు. ఆ డమ్మీని తిప్పి చూస్తేనే పని మొదలైనట్టు. ఏ పేజీ చివర పిల్లల ఊపిరి బిగపట్టించాలి, ఏ పేజీ తిప్పగానే వదిలించాలి అన్నది అక్కడే తేలుతుంది. రెండు పేజీలు కలిసే మడతలో ఏ ముఖమూ పడకూడదు. అచ్చులో నలిగేది ఆ చోటే. అక్షరాలకు ఎక్కడ ఖాళీ వదలాలో కూడా ముందే చూసుకోవాలి. ఈ లెక్కంతా పుస్తకంలో కనిపించదు. కనిపించకుండా చేయడమే పనితనం.

మారిస్ సెండాక్ 1963లో తెచ్చిన ‘వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్’లో పేజీ కొలతే కథ చెబుతుంది. అల్లరి చేసినందుకు అమ్మ అన్నం పెట్టకుండా గదిలోకి పంపేసిన మాక్స్ కథ అది. మొదటి పేజీలో బొమ్మ చిన్నది, చుట్టూ వెడల్పాటి తెల్ల అంచు. మాక్స్ కోపం పెరిగే కొద్దీ బొమ్మ అంచును తినేస్తూ వస్తుంది. గది అడవి అయ్యేసరికి పేజీ అంతా బొమ్మే. పడవెక్కి క్రూరమృగాల దీవి చేరేసరికి బొమ్మ పక్క పేజీలోకి పాకుతుంది. మృగాలతో కలిసి గంతులు వేసే చోట మూడు జంట పేజీల నిండా బొమ్మలే, ఒక్క అక్షరం ఉండదు. తరువాత బొమ్మ మళ్లీ కుంచించుకుంటుంది. చివరి పేజీలో బొమ్మే లేదు, అన్నం ఇంకా వేడిగానే ఉందన్న మాట మాత్రం ఉంది. కోపం పొంగి, చల్లారి, ఇంటికి చేరడాన్ని ఇంత కచ్చితంగా చూపించే మరో పద్ధతి దొరకదు. సెండాక్ మొదట రాద్దామనుకున్నది అడవి గుర్రాల కథ. గుర్రాలు వేయడం తన చేతికి రాకపోవడంతో మృగాలను ఎంచుకున్నాడు. బ్రూక్లిన్‌లో తన చిన్నప్పుడు ఇంటికొచ్చి బుగ్గలు గిల్లిన బంధువుల పళ్లు, కళ్లు, ముక్కులు ఆ మృగాలకు వచ్చాయి.

మార్గరెట్ వైజ్ బ్రౌన్ రాయగా క్లెమెంట్ హర్డ్ బొమ్మలు వేసిన ‘గుడ్‌నైట్ మూన్’ 1947 నాటిది. అందులో ఉన్నది ఒకే ఒక్క గది. పేజీ పేజీకీ ఆ గదిలో వెలుతురు కొద్దికొద్దిగా తగ్గుతుంది, కిటికీలో చంద్రుడు పైకి వస్తాడు, గోడ గడియారం ఏడు నుంచి ఎనిమిది దాటుతుంది. ప్రతి రంగుల పేజీలోనూ ఒక చిట్టెలుక చోటు మారుస్తుంది. ఆ ఎలుకను వెతకడం ఏడాదిన్నర పిల్లలకు కూడా చేతనైన పని.

తెలుగు ఇళ్లలోకి రంగుల బొమ్మల పుస్తకాలను చౌకగా తెచ్చినవి మాస్కోలోని ప్రోగ్రెస్, రాదుగ ప్రచురణాలయాలు. విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో దొరికిన ఆ తెలుగు అనువాదాల మీద మమకారం ఒక తరానికి ఇప్పటికీ పోలేదు. సోవియట్ చిత్రకారుల్లో యెవ్గేనీ రచోవ్ వేసిన ఉక్రెయిన్ జానపద కథ ‘చేతి తొడుగు’ను దగ్గరగా చూడాలి. ముసలాయన మంచులో చేతి తొడుగు జారవిడుచుకుంటాడు. అందులోకి ఎలుక దూరుతుంది, తరువాత కప్ప, కుందేలు, నక్క, తోడేలు, అడవిపంది, చివరికి ఎలుగుబంటి. మాటల్లో ఒకరి తరువాత ఒకరు వచ్చి చోటు అడగడమే ఉంటుంది. రచోవ్ బొమ్మల్లో మాత్రం కొత్త ప్రాణి వచ్చినప్పుడల్లా తొడుగు ఇల్లుగా మారుతూ ఉంటుంది. కింద కర్రలు పాతుకుంటాయి, నిచ్చెన వస్తుంది, అరుగు, కిటికీ, పొగగొట్టం అమరుతాయి. వీటి గురించి కథ ఒక్క మాటైనా చెప్పదు. జంతువులన్నీ ఉక్రెయిన్ పల్లె బట్టల్లో ఉంటాయి. ఇరుకులో సర్దుకుని బతికే మంచితనాన్ని ఆయన వడ్రంగం పనిగా చూపించాడు.

1947 జూలైలో మద్రాసులో మొదలైన ‘చందమామ’ పుస్తకం కాదు, పత్రిక. దాని బొమ్మల పద్ధతి వేరు. అక్కడ కథ నిండుగా ఉండేది, బొమ్మ దానికి తోడు నడిచేది. అయినా చిత్రా వేసిన రాక్షసులు లేకుండా దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లను ఎవరూ తలచుకోలేరు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాల కింద ‘వపా’ అన్న రెండక్షరాలను పిల్లలు పేరు చదవడం నేర్చుకోకముందే గుర్తుపట్టేవారు. 1952లో చేరిన శంకర్ విక్రమార్కుణ్ణి భుజాన శవంతో, చేత కత్తితో నడిపించారు. బేతాళ కథ అనగానే లక్షలమంది తెలుగువాళ్ల మనసులో మెదిలేది ఆ బొమ్మే. 2020లో ఆయన పోయాక, 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఇంకాస్త ముందే రావలసిన గౌరవం అది. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ బొమ్మల పుస్తకం కాకపోయినా, బాపు గీత లేకుండా బుడుగుకు ముఖమే లేదు.

మనదేశంలో బొమ్మల పుస్తకానికి సంస్థల అండ 1957లో వచ్చింది. కార్టూనిస్టు శంకర్ (చందమామ శంకర్ వేరు) చిల్డ్రన్స్ బుక్ ట్రస్టును, కేంద్ర ప్రభుత్వం నేషనల్ బుక్ ట్రస్టును ఆ ఏడాదే స్థాపించారు. ధర తక్కువగా ఉంచాలి కాబట్టి రంగులు పొదుపుగా వాడాలి. పొదుపును శైలిగా మలచడం ఎలాగో చూపినవారు పులక్ బిశ్వాస్. అనుష్క రవిశంకర్ మాటలతో ఆయన వేసిన ‘టైగర్ ఆన్ ఎ ట్రీ’లో ఉన్నవి నలుపు, నారింజ, అంతే. పులి ఒంటికి సరిగ్గా కావలసిన రెండు రంగులు. అక్షరాలు కూడా వరసలో కుదురుగా నిలబడకుండా పులితోపాటు కదులుతాయి.

ఆ పుస్తకం వేసిన చెన్నై తారా బుక్స్ వాళ్లే మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ గోండు చిత్రకారులను పుస్తకాల్లోకి తెచ్చారు. గోడ మీద బొమ్మకు అంచు ఉండదు, తిప్పే పేజీ ఉండదు. ఆ కళను పేజీకి దింపాలంటే చిత్రకారులు కొత్తగా ఆలోచించాలి. లండన్‌లో ఒక భోజనశాల గోడలకు బొమ్మలు వేయడానికి వెళ్లిన భజ్జు శ్యామ్ తిరిగొచ్చి 2004లో ‘ద లండన్ జంగిల్ బుక్’ వేశాడు. అందులో బిగ్ బెన్ కోడిపుంజు, నేల కింద రైలు వానపాము, తన దారి తెలిసిన 30వ నంబరు బస్సు నమ్మకమైన కుక్క. అడవి బిడ్డ మహానగరాన్ని తన చూపుతో అర్థం చేసుకుని, మహానగరానికే తిరిగి చూపించిన పుస్తకం అది. భజ్జు శ్యామ్‌కు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయనా, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఉర్వేతీ కలిసి వేసిన ‘ద నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’ను నల్ల కాగితం మీద సిల్క్ స్క్రీన్‌తో, ఒక్కో రంగూ విడివిడిగా, చేత్తో అచ్చువేస్తారు. కుట్టడమూ చేత్తోనే.

ఏ శైలిలో వేసినా తప్పని కష్టం ఒకటుంది. ఒకే పాపను పుస్తకం నిండా నిలబెట్టి, కూర్చోబెట్టి, పరుగెత్తించి, వెనకనుంచి, పైనుంచి వేసినా ఆ పాపేనని తెలియాలి. మూడో పేజీలో ఎడమ చేతికి ఉన్న గాజు ఏడో పేజీలో కుడి చేతికి మారితే పిల్లలు వెంటనే పట్టేస్తారు. ఊరు కూడా అంతే. కథ శ్రీకాకుళం పల్లెలో జరిగితే తాటాకు చుట్టిల్లు ఉండవచ్చు. అనంతపురంలో జరిగితే మట్టి మిద్దె కావాలి. రెండూ తెలియనివాళ్లు ఎక్కడిదీ కాని గుడిసె వేసి ఊరుకుంటారు, ఆ ఊరి పిల్లలకు అది పరాయి ఊరవుతుంది. మంచి చిత్రకారులు బిందె ఎత్తుకునే తీరు, బడి గోడ రంగు, మధ్యాహ్న భోజనం పళ్లెం అంచు వెళ్లి చూసి వస్తారు. నీటిరంగులతో వేసినా టాబ్లెట్ మీద వేసినా ఆ చూపు తప్పదు. తెర మీద మెరిసిన రంగు అచ్చులోని నాలుగు సిరాల్లో మసకబారుతుందని తెలిసి, ముందే సరిచూసుకోవాలి.

ఇంత పని చేసినవాళ్లకు గుర్తింపు ఆలస్యంగానే దక్కింది. పిల్లల సాహిత్యంలో పెద్దదైన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు రచయితలకు 1956లో మొదలైతే, చిత్రకారులకు 1966లో, స్విట్జర్లాండ్‌కు చెందిన అలోయిస్ కారిజియెతో మొదలైంది. అట్ట మీద రచయిత పేరు పక్కన, అదే సైజులో చిత్రకారుల పేరు వేయడం ఇప్పటికీ అందరు ప్రచురణకర్తలకూ అలవాటు కాలేదు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్ వేదికలో ఎవరైనా కథను తమ భాషలోకి మార్చుకోవచ్చు. మాటలు హిందీ నుంచి తెలుగుకు, తెలుగు నుంచి మరో భాషకు మారతాయి, అనువాదకుల పేర్లు మారతాయి. బొమ్మలు మారవు. ప్రతి భాషలోనూ రచయిత పేరుతోపాటు చిత్రకారుల పేరూ ఉంటుంది.