రాయవాచకంలో బలాబలాలు: ఒక ఆటగాడి ప్రశ్న

కంప్యూటరు మీద ఆడే యుద్ధక్రీడల్లో ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ మన విద్యార్థుల్లో చాలామందికి తెలిసినదే. 1997లో వచ్చిన దాని మొదటి రూపంలో పన్నెండు ప్రాచీన జాతులున్నాయి. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క విశేషబలం. అస్సీరియా విలుకాండ్రు తక్కినవారికంటే వడిగా బాణాలు వేస్తారు. యమాటో వారికి గుర్రపుదళం చౌకగా వస్తుంది. పర్షియా ఏనుగులు వేగంగా నడుస్తాయి. హిట్టైటుల రాళ్ళు రువ్వే యంత్రాలు ఎక్కువ దెబ్బలకు ఓర్చుకుంటాయి. షాంగ్ వారికి పనివాళ్ళు చౌక కనక ఆట మొదట్లోనే జనబలం పెరుగుతుంది. ఆడేవాళ్ళు కూర్చుని మాట్లాడుకునేదంతా ఈ లెక్కే: ఎవరికి ఏది ఎక్కువ, ఎవరిమీద ఎవరిని దింపాలి, ఎవరు తొందరగా పైకొస్తారు, ఎవరు ఆలస్యంగా బలపడతారు. ఆ పన్నెండింటిలో భారతదేశం లేదు. మరుసటి సంవత్సరం రోమును, కార్తేజిని, మరో రెంటిని చేర్చినప్పుడూ లేదు.

లేనందుకు నొచ్చుకోవడం ఈ వ్యాసం పని కాదు. పక్షాలను వాటి సేనాంగాలతో గుర్తించి, బలాబలాలు తూచి, ఎత్తుగడలు చెప్పే రచన మన భాషలో ఉందా అన్నది ప్రశ్న. ఉంది. ఆ రచనలో కథ నడిచే నగరం హంపి. 2021లో విజయనగర జిల్లా ఏర్పడేదాకా అది బళ్ళారి జిల్లాలోనిదే. ఆ రచన రాయవాచకం.

రాయవాచకం వచనగ్రంథం. రాసినవాడి పేరు మనకు దక్కలేదు. విశ్వనాథ నాయని స్థానాపతి అన్న హోదా మాత్రం దక్కింది. స్థానాపతి అంటే ఇంకొకరి కొలువులో తన ఏలిక తరఫున ఉండి, అక్కడి సంగతులు రాసి పంపేవాడు. అలాంటి అధికారి తన ప్రభువుకు నివేదించినట్టుగా, 1509 నుంచి 1529 దాకా ఏలిన కృష్ణదేవరాయల కథ ఇందులో సాగుతుంది. ఫిలిప్ వాగొనర్ 1993లో దీన్ని ఇంగ్లీషులోకి అనువదించి, విపులమైన పీఠిక రాశారు. రాయల కాలంలో రాసినట్టు కనిపించే ఈ గ్రంథం నిజానికి దాదాపు ఒక శతాబ్దం తరవాత, మదుర నాయకుల కొలువు చుట్టూ పుట్టిందని ఆయన నిర్ణయం. అంతకుముందు చాలాకాలం చరిత్రకారులు దీన్ని సమకాలిక సాక్ష్యంగా వాడుకుని, పొసగని చోట తప్పులెన్నారు. కల్పనగా చదివితే ఆ తప్పులే అర్థవంతమవుతాయి.

మొదట పేర్లు చూద్దాం. రాయవాచకం లోకంలో సింహాసనాధిపతులు ముగ్గురే: ఢిల్లీ అశ్వపతి, కటకం గజపతి, విజయనగరం నరపతి. గుర్రాల దొర, ఏనుగుల దొర, మనుషుల దొర. ఆటలో జాతుల పట్టిక ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది. చతురంగబలాల్లో ఒక్కొక్క అంగాన్ని ఒక్కొక్కరికి పంచిపెట్టినట్టు. రథం ఎవరికీ రాలేదు, అప్పటికి దానికి యుద్ధంలో పనిలేదు కనక. ఈ బిరుదులు రాయవాచకకర్త పుట్టించినవి కావు, అంతకుముందు శాసనాల్లోనూ ఉన్నాయి. అయితే మూడింటినీ ఒక వరసలో నిలబెట్టి లోకపటం గీయడంలో ఈ గ్రంథానికి ఒక ఉద్దేశం ఉంది. బిజాపురం, గోలకొండ, అహమ్మదునగరం సుల్తానులు ఈ వరసలోకి రారు. వారికి సేనలున్నాయి, కోటలున్నాయి, సింహాసనం లేదు. అంటే ఈ పట్టిక బలాన్ని కాదు, అర్హతను కొలుస్తోంది. ఢిల్లీ పాదుషా కూడా ముస్లిమే కదా, ఆయనకు సింహాసనం ఉండి వీరికెందుకు లేదు? ఈ ప్రశ్న వేసుకుంటే, రాయవాచకాన్ని హిందూ ముస్లిం పక్షాల కథగా తరగతిలో చెప్పే అలవాటు ఎంత తేలికపాటిదో తెలుస్తుంది.

ఇంకొకటి. వాగొనర్ ఆ అశ్వపతిని మొగలు పాదుషాగా గుర్తించారు. బాబరు ఢిల్లీ చేరింది 1526లో, రాయల ఏలుబడి ముగియడానికి మూడేళ్ళ ముందు. గజపతితో యుద్ధాలు అప్పటికి ఎప్పుడో అయిపోయాయి. తన కాలపు ఢిల్లీని కర్త వెనక్కి తీసుకెళ్ళి రాయల ముందు నిలబెట్టాడన్నమాట. షాంగ్ వారిని గ్రీకులతో పోరాడించే కంప్యూటరు ఆటను చరిత్ర తెలియనిదని వెక్కిరించే మనం, మన రాయవాచకకర్తకు మాత్రం అదే పనికి పొరపాటు అని పేరుపెట్టి క్షమిస్తాం. రెండుచోట్లా జరిగింది ఒకటే. పక్షాలను పోల్చాలంటే వాటిని ఒకే బల్ల మీదికి తేవాలి, కాలం పక్కకు తప్పుకోవాలి.

ఎత్తుగడల దగ్గరికి వస్తే రాయవాచకం దారి వేరు. ఆటలో పటమంతా మొదట చీకటి. ఒక రౌతును పంపితే వాడు నడిచినంతమేర వెలుగొస్తుంది. కొండలు, నీళ్ళు, శత్రువు ఇళ్ళు కనబడతాయి. రాయవాచకంలో రౌతుల స్థానంలో వేగులవాళ్ళు ఉన్నారు. వాళ్ళు వెలికితెచ్చేది నేల కాదు, మాట. సుల్తానుల కొలువుల్లో ఎవరు ఏమన్నారు, రాయల గురించి ఎలాంటి భయం ఉంది, ఎవరిని ఎవరు నమ్మడం లేదు అన్న సంగతులు మోసుకొస్తారు. గ్రంథంలో యుద్ధవర్ణనకంటే ఈ వినికిడికే ఎక్కువ చోటు దొరికింది. రాసినవాడు స్థానాపతి పీఠం మీదినుంచి రాస్తున్నాడు కదా, తన వృత్తి మీద అతనికి ఆ మాత్రం మమకారం ఉండదా! పెమ్మసాని రామలింగ నాయని పరాక్రమంలాంటి వీరఘట్టం వచ్చినప్పుడు వచనం ఊపందుకుంటుంది గాని, గ్రంథానికి ప్రాణం అది కాదు.

ప్రాణం అప్పాజీ పన్నిన పన్నాగంలో ఉంది. గజపతికి పదహారుగురు పాత్రలు, అంటే సామంత సేనానులు. గజపతి బలం ఏనుగుల్లో ఉందని బిరుదు చెబుతుంది, ఈ పదహారుగురిలో ఉందని అప్పాజీ కనిపెట్టాడు. వాళ్ళు రాయలతో ముందే లాలూచీ పడ్డట్టు, వారికి ధనం పంపుతున్నట్టు జాబులు రాయించి, అవి గజపతి చేతికి చిక్కేటట్టు చేశాడు. గజపతి తనవాళ్ళు తనను పట్టిస్తారని భయపడి కటకం విడిచి పోయాడు. ఒక్క ఏనుగు చావలేదు. పాత్రలు ద్రోహులు కారు, తమమీద అనుమానం వచ్చిందని కూడా వారికి తెలియదు. పక్షం బలమంతా అలాగే ఉంది, దాన్ని కలిపి ఉంచిన నమ్మకం మాత్రం పోయింది.

ఇది ఏ కంప్యూటరు ఆటలోనూ కుదరదని అనను. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో పూజారి ఉన్నాడు. మంత్రం చదివి శత్రుసైనికుణ్ణి తనవైపు తిప్పుకుంటాడు. కాని తిరిగినవాడు నిజంగానే తిరిగిపోతాడు, రంగు మారుతుంది. తిరగనివాణ్ణి తిరిగాడని వాడి దొరచేత అనుకొనేటట్టు చేయడం అక్కడ లేదు, ఎందుకంటే ఆ బొమ్మ సైనికుడికీ దాన్ని నడిపే ఆటగాడికీ మధ్య అనుమానానికి చోటే లేదు. బలాలను అంకెలుగా మార్చిన చోట ముందుగా జారిపోయేది ఇదే.

అయితే రాయవాచకాన్ని మెచ్చుకునే ఊపులో ఒకటి మరవకూడదు. శాసనాలు చెప్పే కళింగయుద్ధం ఇంత చులాగ్గా సాగలేదు. ఉదయగిరి ముట్టడి 1513లో మొదలై, కోట చేజిక్కేసరికి 1514 వచ్చింది. 1515లో కొండవీడు, అక్కడ గజపతి కొడుకు వీరభద్రుడు పట్టుబడ్డాడు. 1516లో సింహాచలంలో రాయల శాసనం. కొండల మీద కోటల కింద నెలల తరబడి పడిగాపులు కాసిన దండు, దాని తిండి, దాని చావులు ఒక మంత్రి తెలివిలో మాయమైపోయాయి. కొలువులో కూర్చున్నవాడికి యుద్ధం ఎప్పుడూ బుద్ధిబలంగానే కనిపిస్తుంది. రాయవాచకంలో నాకు కనిపించే లోపాల్లో పెద్దది ఇదే.

హంపి మంటపాల్లో, దారిపక్క బండల మీద చెక్కిన ఆటగళ్ళు చూసే ఉంటారు. వాటిలో పులిజూదం గీతలూ ఉన్నాయి. మన పులి మేక ఆట, కన్నడంలో ఆడు హులి ఆట. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవైమూడు కూడళ్ళు. పక్షాల పోలికకు ఇంతకంటే నిక్కచ్చి అయిన నమూనా నాకు తెలియదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో పన్నెండు జాతులూ గెలిచే తీరు ఇంచుమించు ఒకటే. తేడాలన్నీ కొంచెం ఎక్కువ, కొంచెం తక్కువ. పులిజూదంలో రెండు పక్షాలకు గెలుపు అన్న మాటకు అర్థమే వేరు. పులి దూకి చంపి గెలుస్తుంది. మేక చంపలేదు; పులికి కదలడానికి చోటు లేకుండా చేసి గెలుస్తుంది. మేకలను ఒక్కొక్కటిగా దింపాలి, అన్నీ దిగేదాకా ఏదీ కదలకూడదు. అందాకా ఒకటి రెండు పోయినా ఓర్చుకోవాలి. అందుకే చెయ్యి తిరిగినవాళ్ళు మేకలు తీసుకుంటారు, తొందరగలవాళ్ళు పులులు తీసుకుంటారు.

అప్పాజీ ఆడింది మేకల ఆట. గజపతిని చంపలేదు, ఓడించిందీ లేదు. కదలడానికి కూడలి లేకుండా చేశాడు. ఆ పదహారు పాత్రలూ గజపతికి నడిచే దారులు. పన్నాగంతో అవన్నీ మూసుకుపోయాయి.

ఇక నరపతి అన్న పేరు. మనుషుల దొరకు గుర్రాలు అక్కరలేదా? ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు కొడుక్కి చెప్పే రాజనీతి చదివితే ఈ బిరుదుల పట్టిక కదిలిపోతుంది. రేవులు బాగుచేసి వర్తకాన్ని పెంచమని, దూరదేశాలనుంచి ఏనుగులూ మేలుజాతి గుర్రాలూ తెచ్చే వర్తకులను ఆదరించి, మంచి ధర ఇచ్చి, అవి శత్రువులకు పోకుండా చూసుకొమ్మని అక్కడి సలహా. రాయలు గ్రంథకర్తగానే కాదు, గుర్రాలు కొన్నవాడుగా మాట్లాడుతున్నాడు. 1510లో గోవాను పట్టుకున్న పోర్చుగీసువారితో ఆయన స్నేహానికి గుర్రాల వ్యాపారం ముఖ్యకారణం. ఆటలో గుర్రం ఎవరి సాలలో వారికే పుడుతుంది. కాస్త ధాన్యం, కాస్త బంగారం ఉంటే చాలు. దక్కనులో యుద్ధాశ్వం సముద్రం దాటి రావలసిందే. అందుచేత ఇక్కడ ఒక పక్షం బలం దాని పుట్టుకలో లేదు, రేవులో ఉంది. రేవు ఎవరితో మాట్లాడితే బలం వారిది. ఈ సంగతి రాయలకు తెలిసినంత బాగా రాయవాచకకర్తకు తెలియలేదు.

మనుషుల సంగతీ అంతే. పదిహేనో శతాబ్దంలో రెండో దేవరాయలు ముస్లిం విలుకాండ్రను, రౌతులను తన దండులో చేర్చుకున్నాడు. 1439 నాటి శాసనంతో అహమ్మద్ ఖాన్ కట్టించిన మసీదు ఇప్పటికీ హంపిలో ఉంది. రాయవాచకం గీసిన గీతకు రెండు వైపులా ఉండవలసినవాళ్ళు గీత ఇవతలే కలిసి జీతం తీసుకున్నారు. నరపతి సైన్యంలోని నరులు ఎవరన్నది మనం అడగవలసిన ప్రశ్న.

బళ్ళారిలో తెలుగు చదివే విద్యార్థికి ఈ ప్రశ్న పుస్తకాలకే పరిమితం కాదు. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి, బళ్ళారి మైసూరులో చేరింది. అప్పుడు రెండువైపులా సభల్లో విజయనగరం మాదంటే మాదన్నారు. ఏ పక్షం నీది అన్నది ఆటలో మొదటి తెరమీద వచ్చే ప్రశ్న. జవాబివ్వకుండా ఆట మొదలుకాదు. ఆముక్తమాల్యద పీఠికలో మాత్రం తనను తెలుగురాయడుగా చెప్పుకున్న విష్ణువు, కృష్ణరాయలను కన్నడరాయా అని పిలుస్తాడు, పిలిచి తెలుగులో కావ్యం రాయమంటాడు. ఆ పిలుపులో తగవు లేదు. మదురలో, తమిళదేశం నడుమ, ఒక తెలుగు స్థానాపతి కన్నడసీమలోని నగరం గురించి వచనం రాయడంలోనూ తగవు లేదు.

తళ్ళికోట యుద్ధాన్ని, విజయనగర పతనాన్ని తెలుగు రంగస్థలం మీదికి తెచ్చింది బళ్ళారి న్యాయవాది కోలాచలం శ్రీనివాసరావు. ఆయన రామరాజు నాటకంలో బళ్ళారి రాఘవ ధరించింది రామరాజు పాత్ర కాదు, పఠాను రుస్తుం పాత్ర. రాఘవ పేరు చెబితే ఈనాటికీ ఆ రుస్తుమే గుర్తుకు వస్తున్నాడంటే, ఓడిన నగరానికి ఇంత దగ్గరలో ఉన్న ప్రేక్షకులు ఎదుటి పక్షంవాడి మాటను అంత శ్రద్ధగా విన్నారనే అనుకోవాలి. నాటకప్రతిని రాయవాచకం పక్కన పెట్టుకుని, ఆ పాత్రకు కోలాచలంవారు ఇచ్చిన చోటు ఎంత, రాఘవ నటనతో అది పెరిగింది ఎంత అన్నది మన విద్యార్థుల్లో ఒకరు పరిశోధనాంశంగా తీసుకుంటే బాగుంటుంది.