ముక్కూమొహం తెలియనివాళ్ళు

మాల్కం గ్లాడ్‌వెల్ "టాకింగ్ టు స్ట్రేంజర్స్" (2019) పుస్తకం చదివినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. నాకది సగమే నచ్చింది.

2015 జులైలో టెక్సస్‌లో, లేన్ మారుతూ సిగ్నల్ వెయ్యలేదని ఒక పోలీసు శాండ్రా బ్లాండ్ అనే నల్లజాతి యువతి కారు ఆపాడు. మాటా మాటా పెరిగి అరెస్టు చేశాడు. మూడు రోజులకి ఆమె జైలుగదిలో శవమై కనిపించింది. పుస్తకం దీనితోనే మొదలై దీనితోనే ముగుస్తుంది.

మొహం చూసి కొత్తవాళ్ళ మనసు చదవగలమనుకోవడం భ్రమ అంటాడు రచయిత. నిజమే. కాని తప్పంతా ఆ పోలీసుకిచ్చిన తర్ఫీదు మీదికి నెట్టడం నాకు మింగుడుపడలేదు. ఎవరిని చూస్తే ముందుగా అనుమానం పుడుతుంది? ఒంటిరంగు సంగతి ఆయన పైపైన తడిమి వదిలేశాడు.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపినవాడు అంతకుముందు వీసా గురించి అడిగాడట. తీర్పు ముందే రాసుకుని వచ్చిన మనిషి అతను. అయితే అదే బార్లో ఇయన్ గ్రిలట్ కూడా ఉన్నాడు. మనవాళ్ళతో ఏ బంధుత్వమూ లేదు. హంతకుణ్ణి పట్టుకోబోయి తూటా దెబ్బ తిన్నాడు. హ్యూస్టన్‌లోని భారతీయులు ఇల్లు కొనుక్కోమని అతనికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు.

కొత్తవాళ్ళతో జాగ్రత్తగా, వినయంగా మెలగమన్నది గ్లాడ్‌వెల్ చివరిమాట. జాగ్రత్త మన ఇళ్ళలో కావలసినంత ఉంది; ముక్కూమొహం తెలియనివాళ్ళతో మాటలేమిటని చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాం. పదేళ్ళుగా పక్కింట్లో ఉన్నవాడి పేరైనా తెలియనివాళ్ళం, అతను మనకోసం తూటా తింటేగాని పలకరించమా?